ఇంజిన్ ఆగాక ముప్పై ఎనిమిదో నిమిషం

మార్చి 4

ఆ సీటు ఆ పిల్లకి ఇచ్చారు.

ఇరవై ఏడేళ్ళుగా ఈ కంపెనీలో విమానం ఇంజిన్ కంట్రోల్ అంటే నేను, నేనంటే ఇంజిన్ కంట్రోల్. ఒకే ఒక పెట్టె. ఇంజిన్‌లో ఎక్కడ ఎంత వేడి, ఎంత వేగం, ఎంత ఇంధనం, అన్నీ వైర్ల మీద ఆ పెట్టెకే వచ్చేవి. అది ఆలోచించి చెప్తే మిగతావి చేసేవి. దానికి ఇన్నేళ్ళలో వంక పెట్టినవాడు లేడు. ఇప్పుడు ఆ వైర్ల కట్ట బరువెక్కువట. పెట్టెని పదకొండు ముక్కలు చేసి, ఏ పని చేసే ముక్కని ఆ పని పక్కనే ఇంజిన్ ఒంటి మీద కూర్చోబెట్టారు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఒక్క జత వైరు. గేర్లతో తిరిగే ఇంధనం పంపు తీసేసి, సొంత మోటారున్న పంపు పెట్టారు. అన్నీ కరెంటు మీదే. పెట్టెతో పాటు పెట్టె మనిషిని కూడా తీసేస్తే బరువు ఇంకాస్త తగ్గుతుంది కదా!

వైర్లని కలిపే కనెక్టర్‌లో పిన్ను సరిగ్గా కూర్చుందో లేదో వేలితో లాగి చూడాలని ఆ పిల్లకి నేర్పింది నేను. చేరిన మొదటి వారం పిన్ను వంచేసి ఏడ్చింది. నేనే సరిచేసి పెట్టాను, ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఆమెని కంట్రోల్ విభాగానికి పెద్దగా ప్రకటించిన మీటింగులో, "సార్ దగ్గరే నేర్చుకున్నాను," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఒళ్ళు మండిపోయింది.

నాకు టెస్ట్ సెల్ మిగిల్చారు. ఇంజిన్‌ని బిగించి నడిపి చూసే గది. ఆ పదకొండు డబ్బాలకి నేను అగ్గిపెట్టెలని పేరు పెట్టాను. సాయంత్రానికి అందరూ అలాగే అంటున్నారు. ఈ రోజుకి దక్కిన సంతోషం అదొక్కటే.

మార్చి 5

ఇవాళ రెండుసార్లు "మేడమ్" అన్నాను.

మార్చి 9

నలభై నిమిషాలు నడిపాం. బాగానే నడిచింది. నడవకపోతే బాగుండునని అనుకోలేదు. కొంచెం అనుకున్నాను.

ఇంజిన్ ఆగగానే సైరన్ మోగుతుంది, రికార్డర్ కట్టేస్తారు, అందరం టీకి పోతాం. నేను చేరినప్పటినుంచీ ఇదే పద్ధతి. ఆగిన ఇంజిన్ గురించి రాసుకోవడానికి ఏముంటుంది? ఇప్పుడు మేడమ్‌గారు కొత్తగా ఒక కాగితం అంటించింది, ఇంజిన్ మీద ఏది విప్పాలన్నా ముందు కరెంటు తీసెయ్యాలని. తీస్తే ఆ పదకొండు అగ్గిపెట్టెల్ని మళ్ళీ లేపి, ఒకదానికొకటి పరిచయం చేయించేసరికి ముప్పావుగంట. ఎవరూ తియ్యడం లేదు. తియ్యమని నేనూ అనడం లేదు. ఇంజిన్‌ని తిప్పే షాఫ్ట్ ఆగిందా, లోపలికి పోవచ్చు. మాకు తెలిసిన కాగితం అదే.

టీ దగ్గర బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. అక్క మొగుడు, మా సెల్‌లో పెద్ద మెకానిక్. వచ్చే ఏడాది రిటైరవుతాడు. నన్ను ఈ కంపెనీలోకి తీసుకొచ్చింది ఆయనే. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు. డాక్టరుగారని వెక్కిరిస్తాం.

"ఏరా బావమరిదీ, మొన్న మర్చిపోయిన గ్లవుజులు తెచ్చుకుందామని లోపలికెళ్ళాను. ఇంజిన్ ఆగి అరగంట దాటింది. ఆ పంపు ఒక్కసారి కుయ్‌మంది."

"నీ చెవులకి వయసొచ్చింది బావా."

"నాకు చెవులకే వచ్చింది, నీకు బుర్రకొచ్చింది. ఆగిన ఇంజిన్ మీద పంపు ఎందుకు తిరుగుతుందిరా?"

తిరగదు అన్నాను. పాత ఇంజిన్‌లో తిరగదు. గేర్లతో షాఫ్ట్‌కి కట్టేసి ఉండేది, అది ఆగితే ఇదీ ఆగేది. ఈ కొత్తదానికి ఇంజిన్‌తో పనేముంది, మోటారు దాని సొంతం.

ఇది బావతో అనలేదు. టీ చల్లారిపోతోంది.

మార్చి 12

బావ ఇవాళ నాకు చెప్పకుండానే రికార్డర్ కట్టెయ్యకుండా వదిలేశాడు. టీ నుంచి వచ్చేసరికి ఇంకా నడుస్తోంది. "నీకోసమే వదిలాను. చూసి చెప్పు," అని పనిలోకి పోయాడు.

చూశాను. మూడుసార్లు చూశాను.

ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ గాలి వీస్తూనే ఉంటుంది, పైన ఉన్నవి చల్లగానే ఉంటాయి. ఆగాక గాలి ఉండదు. లోపలి ఎర్రటి వేడంతా నెమ్మదిగా పైకి పాకుతుంది. పంపు మీద కూర్చున్న అగ్గిపెట్టె నడిచేటప్పటి కంటే, ఆగాక ముప్పై ఎనిమిదో నిమిషంలో ఎక్కువ కాగింది. తట్టుకోలేక సొమ్మసిల్లింది. కాసేపటికి తెలివొచ్చింది. రాగానే పక్కవాళ్ళని అడక్కుండా, తనకి అందిన ఆఖరి మాట పట్టుకుంది. ఆ ఆఖరి మాట నడిచేటప్పటిది, పంపు పూర్తిగా తిప్పమని. తిప్పింది. ఇంజిన్ ఆగిపోయిందిరా అని పక్క డబ్బాలు చెప్పాక ఆపింది. మొత్తం రెండు సెకన్లు.

ఆ పిల్ల వీటిని ఓవెన్‌లో పెట్టి వందల గంటలు కాల్చి చూసింది. నడిచే ఇంజిన్ వేడికి చూసింది. ఆగిన ఇంజిన్ వేడికి చూడలేదు. చూడదు. ఇక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు, ఆ టైముకి మేమంతా టీ తాగుతుంటాం.

నాకు సంతోషం వేసింది. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం ఎందుకు? ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాను. పెట్టె ముక్కలు చెయ్యొద్దని నేను చెప్పలేదా? అందరినీ ఎరిగిన పెద్ద ఒకడుండాలి అనలేదా?

28న పెద్దల ముందు సమీక్ష ఉంది. కొనేవాళ్ళు కూడా వస్తారు. అప్పుడు చెప్తాను. అందాకా ఈ రికార్డు నా దగ్గరే. ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? రెండు రోజుల్లో ప్రోగ్రాంలో నాలుగు లైన్లు మార్చి, "సార్ పట్టుకున్నారు," అని మళ్ళీ చప్పట్లు కొట్టిస్తుంది. ఈలోపు కొంపలేమీ మునగవు. ఆగిన ఇంజిన్, రెండు సెకన్లు, ఖాళీ గది.

సాయంత్రం గేటు దగ్గర బావ అడిగాడు, రికార్డులో ఏముందిరా అని. చెప్పాను.

మార్చి 13

గడ్డం గీసుకుంటూ ఈల వేశానట. "ఏంటండీ, ఇవాళ ఎండ ఎటు నుంచి కాసింది?" అంది మా ఆవిడ.

మార్చి 17

ఆ పిల్ల నా గదికి వచ్చింది. పిలిపించుకోలేదు, తనే వచ్చింది. పాత నోట్‌బుక్కు పట్టుకుని, నేను నేర్పే రోజుల్లో కూర్చున్న స్టూలు మీదే కూర్చుంది.

"సార్, మీరు నా మీద కోపంగా ఉన్నారని తెలుసు."

"అబ్బే, కోపమెందుకు మేడమ్?"

"మేడమ్ అనకండి సార్, ప్లీజ్. ఒక్క మాట అడగడానికొచ్చాను. సమీక్షకి ముందు ఏదైనా లోపముంటే మీ కంటికే కనబడుతుంది. ఇంజిన్ ఆగాక వచ్చే వేడి సంగతి నాకు కొంచెం గుబులుగా ఉంది. పాతదాంట్లో మనం ఎప్పుడైనా చూశామా?"

నేను కిటికీ వైపు చూశాను. బయట ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తూ కూత పెడుతోంది. అది ఆగేదాకా చూశాను.

"పాత పెట్టె ఇంజిన్‌కి దూరంగా చల్లటి చోట ఉండేది. ఆ గొడవే లేదు."

"దీనికి?"

"అంతా బాగానే ఉంది."

ఆమె నోట్‌బుక్కులో ఏదో కొట్టేసింది. "మీరన్నారంటే ఇంక నాకు నిద్ర పడుతుంది సార్," అని నవ్వి వెళ్ళిపోయింది.

అడిగితే చెప్పేవాణ్ణే. అడిగిన తీరు బాలేదు. నేర్చుకోవడానికి వచ్చినట్టు రాలేదు, నాతో ఒప్పించుకోవడానికి వచ్చింది. నోట్‌బుక్కు చేతిలో పెట్టుకుని వచ్చింది, రేపు ఎవరైనా అడిగితే సార్‌ని అడిగానని చూపించడానికి. నాకు తెలీదా.

మార్చి 18

ఇంకా పది రోజులు.

మార్చి 22

ఆ రికార్డులోని గీతల బొమ్మలు మూడు, మూడు రంగుల్లో ప్రింటు తీశాను. వేడి ఎరుపు, కరెంటు నీలం, పంపు నలుపు. నలుపు గీత చదునుగా పోయి పోయి, ముప్పై ఎనిమిది దగ్గర మేకులా లేచి, పడిపోతుంది. ఎంత ముద్దుగా ఉందో.

అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాను. "ఇందులో ఎవరి తప్పూ లేదు, అనుభవం లేకపోవడం తప్ప." ఇక్కడ ఆగాలి. ఆగి, ఆమె వైపు చూడకుండా నీళ్ళు తాగాలి.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" అంది. బీరువా సొరుగు మూశాను.

మార్చి 24

బావకి కాలింది.

మార్చి 25

ముఖానికి ఎడమ పక్క, రెండు చేతులు. ఎడమ కన్ను మీద ఇంకా ఏమీ చెప్పలేమన్నారు. అక్క ఆసుపత్రి బెంచీ మీద నా భుజానికి తల ఆనించి కూర్చుంది. ఆమె చేతిలో ఆయన స్క్రూడ్రైవర్ ఉంది. బట్టలతో పాటు సంచీలో వేసి ఇచ్చారట. దాన్ని వదలడం లేదు.

ఏం జరిగిందంటే. సమీక్ష దగ్గర పడుతోందని ఇంధనం ఫిల్టర్ ఒకసారి చూడమన్నారు. ఇంజిన్ ఆపాం. సైరన్ మోగింది. రికార్డర్ కట్టేశారు. టీ తాగుతున్నాం. బావ సగం తాగి లేచాడు. ఫిల్టర్ గిన్నె విప్పుతుండగా పంపు తిరిగింది. ఇంధనం చిమ్మి ఇంజిన్ వేడి ఒంటి మీద పడి భగ్గుమంది. లోపలి నుంచి ఒక్కటే కేక. మేం పరిగెత్తేసరికి ఆయనే నేల మీద దొర్లి ఆర్పుకుంటున్నాడు.

లేచేటప్పుడు నాతో ఏదో అన్నాడు. గుర్తు లేదు.

గడియారం వైపు నేను చూడలేదు.

మార్చి 26

చూశాను.

మార్చి 28

సమీక్ష లేదు. విచారణ ఉంది.

ఆ పిల్ల రోజూ ఆసుపత్రికి వస్తోంది. లోపలికి రాదు, మెట్ల దగ్గర నిలబడి ఉంటుంది. ఇవాళ అక్క వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "నువ్వేం చేశావమ్మా, మా ఖర్మ," అంది. నేను టీ తెస్తానని లేచి వెళ్ళిపోయాను.

ఏప్రిల్ 2

విచారణకి బయటి నుంచి ఒకాయన వచ్చాడు. మెత్తగా మాట్లాడతాడు, అన్నీ రాసుకుంటాడు. ఇంతకు ముందు ఇలాంటిదేమైనా ఎవరైనా గమనించారా అని ఒక్కొక్కరినీ అడిగాడు. రికార్డులన్నీ ఇంజిన్ ఆగడంతోనే ఆగిపోయాయి కాబట్టి ఎవరి దగ్గరా ఏమీ లేదు. నన్నూ అడిగాడు. పద్ధతి ప్రకారమే చేశామండీ అన్నాను.

ఆ పిల్ల నిలబడి చెప్పింది. "ఆగాక వచ్చే వేడికి నేను పరీక్ష చెయ్యలేదు. చెయ్యాల్సింది. డిజైన్ నాది, తప్పు నాది."

"ఎవరినైనా సలహా అడిగారా?"

ఆమె నా వైపు చూసింది. నోట్‌బుక్కు ఒళ్ళో మూసే ఉంది.

"ఎవరిని అడిగినా, చూడాల్సింది నేనే కదండీ," అంది.

తర్వాత బావ చెప్పిన మాటలు చదివారు. మంచం మీద నుంచి చెప్పాడట. కరెంటు తీయకుండా విప్పాను, తొందర నాదే, ఎవరూ పొమ్మనలేదు.

మెకానిక్ అజాగ్రత్త, డిజైన్‌లో లోపం. రెండు ముక్కల్లో తేల్చేశారు. ముప్పై ఆరేళ్ళు ఒక్క బోల్టు వదులుగా పెట్టని మనిషి కాగితం మీద అజాగ్రత్త అన్న మాటతో ఇంటికి పోతున్నాడు. సాయంత్రం డైరెక్టర్ పిలిచి, ఆమెని పక్కకి తప్పిస్తున్నామనీ, ఆ సీటులో నన్ను కూర్చోమనీ అన్నాడు.

నేను కోరుకున్నదే.

ఏప్రిల్ 6

కూర్చున్నాను. కుర్చీ ఎత్తు ఆమెకి సరిపోయేట్టు పెట్టి ఉంది, మోకాళ్ళు టేబుల్‌కి తగిలాయి.

మొదటి ఉత్తర్వు రాశాను. ఇంజిన్ ఆగాక గంటసేపు రికార్డర్ కట్టెయ్యకూడదు. కరెంటు తీసి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే ఎవరైనా లోపలికి వెళ్ళాలి. అందరూ మెచ్చుకున్నారు. అనుభవమంటే ఇదీ అన్నారు. ఇన్నాళ్ళూ ఈ బుద్ధి ఎవరికీ ఎందుకు రాలేదో అన్నారు.

ఇంటికొస్తే మా ఆవిడ సొరుగులోంచి తీసిన బొమ్మలు టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంది. ఆమె లెక్కల టీచరు, గీతలు చదవడం వచ్చు.

"దీని మీద మార్చి పన్నెండని ఉందేంటండీ?"

"ప్రింటర్‌లో తేదీ తప్పు."

ఆమె కాగితాలు అంచులు కలిపి, మళ్ళీ సొరుగులోనే పెట్టింది. అన్నం వడ్డించి తను తినకుండా లేచిపోయింది.

ఏప్రిల్ 9

ఎడమ కన్ను రాదని చెప్పేశారు.

అక్క మందులకి వెళ్ళింది. గదిలో నేనూ బావా. చేతులు రెండూ మూటల్లా కట్టి దిండ్ల మీద పెట్టారు. ముక్కు మీద దురదగా ఉంది గోకరా అన్నాడు. గోకాను.

"కుర్చీ ఎక్కావటగా. మీ అక్క ఊరంతా చెప్పుకుంటోంది. నా తమ్ముడు ఉండబట్టి ఆయన్ని ఇంతటితో వదిలారు అని."

నేను బల్ల మీద నీళ్ళ గ్లాసుకి మూత పెట్టాను.

"పంపు ఎంతసేపు తిరిగిందిరా?"

"ఆ రోజు రికార్డు లేదు బావా."

"అంతకు ముందుది?"

ఆయన చెయ్యి కింద దిండు సర్దాను.

"నేను రికార్డర్ వదిలేసిన రోజు," అన్నాడు బావ. "అందులో ఎంతసేపు?"

"రెండు సెకన్లు."

"నాకు చాలాసేపు అనిపించింది."

కన్నీళ్ళు వచ్చాయి. నాకు. కట్టున్న ఎడమ పక్క కూర్చున్నాను కాబట్టి ఆయనకి తెలీదు.

"అది ఉందా, చెరిపేశావా?"

"ఉంది."

"చెరిపెయ్. మీ అక్కకి తెలిస్తే జన్మలో నీ గుమ్మం తొక్కదు. దానికి పుట్టింటి వైపు నువ్వొక్కడివే కదరా. నాకు ఎలాగూ పోయింది, దానిదెందుకు పోగొట్టాలి?"

"బావా, ఎందుకు కరెంటు తియ్యలేదు?"

ఇలా అడగడానికి నాకు నోరెలా వచ్చిందో.

"ఇంకెవడు చెప్పినా తీసేవాణ్ణిరా," అన్నాడు.

పన్నెండో తారీఖున నేను "చెప్పాను" అని రాశాను. ఏం చెప్పానో రాయలేదు. ఇవాళ వెనక్కి తిప్పి చూసుకున్నాను. "ఏమీ లేదు బావా, శుభ్రంగా ఉంది, నువ్వు విన్నది పక్క గదిలో కంప్రెసర్ అయ్యుంటుంది," అని చెప్పాను. నవ్వుతూ చెప్పాను. ఇరవై ఎనిమిది లోపు ఆయన నోటివెంట ఆ పిల్లకి తెలిసిపోతుందన్న భయంతో అలా చెప్పాను.

ఇరవై నాలుగున గడియారం చూశాను. ఇంజిన్ ఆగి ముప్పై ఒక్క నిమిషాలు. ఆయన స్పానర్ తీసుకుని, "ఫిల్టర్ చూసొచ్చేస్తానురా," అన్నాడు. తల ఊపాను. ఐదు నిమిషాల పని, ముప్పై ఎనిమిది లోపు బయటికొచ్చేస్తాడు అనుకున్నాను. లెక్క వేసుకున్నాను. బోల్టు ఒకటి బిగుసుకుపోయిందట, రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది.

ఏప్రిల్ 10

చెరపడానికి కూర్చున్నాను. చెరపలేదు. మంచితనం వల్ల కాదు. నలుపు గీతని చూస్తూ కూర్చుండిపోయాను.

ఏప్రిల్ 11

ఇచ్చాను.

ఏమిచ్చానో ఈసారి రాస్తాను. మార్చి పన్నెండు నాటి రికార్డు, మూడు బొమ్మలు, నా చేత్తో రాసిన రెండు పేజీలు. చూశాననీ, మెకానిక్ అడిగితే ఏమీ లేదన్నాననీ, ఆమె పదిహేడున అడిగితే బాగానే ఉందన్నాననీ. అజాగ్రత్త నాదనీ.

ముందు ఆ పిల్లకి చూపించాను. ఆమెని మెట్ల కింద గదిలో పడేశారు, పాత వైర్ల కట్టలు వేసే గది. నిలబడే చదివింది. బొమ్మ మీద తేదీ దగ్గర వేలు పెట్టింది.

"సార్, మొదటి వారం నేను పిన్ను వంచేశాను, గుర్తుందా? ఎవరికీ చెప్పకుండా సరిచేసి పెట్టారు."

"గుర్తుంది."

"అప్పటినుంచి మిమ్మల్ని దేవుడనుకున్నాను," అని కాగితాలు తీసుకుని విచారణాధికారికి ఫోన్ చేసింది. వెళ్ళమని అనలేదు, ఉండమనీ అనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఏప్రిల్ 13

కుర్చీ లేదు, సెల్ లేదు, గేటు కార్డు తీసేసుకున్నారు. బావ పేరు మీద అజాగ్రత్త అన్న మాట కొట్టేస్తారట. ఆయన మాత్రం నాతో మాట్లాడనన్నాడు. కన్ను పోయిందంటే ఏడవలేదట, ఇవాళ ఏడ్చాడట, వాణ్ణి ఎవడు ఇమ్మన్నాడు అని.

ఇది చెప్పింది అక్క. మధ్యాహ్నం వచ్చింది. మా ఆవిడ లోపలికి రా వదినా అంటే రాలేదు. చెప్పులు విడవలేదు. గుమ్మం అవతల నిలబడి నన్ను పై నుంచి కింది దాకా చూసింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందని ఆశపడ్డాను.

"లేచేటప్పుడు నీతో చెప్పే లేచాడటగా."

"అవునక్కా."

"ఆగు బావా అనడానికి ఎంతసేపు పడుతుందిరా?"

జవాబు కోసం నిజంగానే నిలబడింది. తర్వాత వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక గడియారం ఎదురుగా పెట్టుకుని, పైకే అని చూశాను. ఆగు బావా. మళ్ళీ అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎన్నిసార్లు అన్నా రెండు సెకన్లు కూడా పట్టడం లేదు.